మా గైడ్ కంపెనీకి 50 ఏళ్ళు: ఒక్క రోజు పండుగ, ఎనిమిది నెలల పని

పోయిన జూన్‌లో బడి తెరిచిన వారానికి గైడ్స్ (మగపిల్లలకు స్కౌట్స్ ఉన్నట్టే ఆడపిల్లలకు ఉన్న సంస్థ) గదిలో బీరువా సర్దుతున్నాను. అడుగు అరలో, చెద పట్టిన డేరా గుడ్డ కింద, అట్ట ఊడిపోయిన లాగ్ పుస్తకం ఒకటి దొరికింది. మొదటి పేజీలో నీలం సిరాతో తేదీ ఉంది: 22-2-1976, ఆదివారం. దాని కింద మూడే వాక్యాలు. "ఈ రోజు పద్దెనిమిది మంది ప్రతిజ్ఞ చేశారు. జెండా తాడు మొదటిసారి లాగితే ముడి విడలేదు. రెండోసారి విడింది." వచ్చిన పెద్దల పేర్లు లేవు, ఎవరేం మాట్లాడారో లేదు. అక్కడే నేల మీద కూర్చుని లెక్క వేసుకున్నాను. వచ్చే ఫిబ్రవరికి యాభై నిండుతాయి. ఫోనులో క్యాలెండర్ తిప్పి చూస్తే ఆ రోజు కూడా ఆదివారమే.

ఇలాంటి ఉత్సవం తలకెత్తుకోబోయే కెప్టెన్లకు, అంటే గైడ్ కంపెనీని నడిపే పెద్దలకు, పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. నేను 1993లో ఇదే కంపెనీలో (గైడ్ల దళాన్ని కంపెనీ అంటాం, అందులోని చిన్న జట్టును పట్రోల్ అంటాం) మల్లె పట్రోల్‌లో చేరిన పిల్లను. ఇప్పుడు అదే బడిలో తెలుగు చెబుతూ పన్నెండేళ్ళుగా కెప్టెన్‌గా ఉన్నాను. అందుకని నా మాటల్లో కాస్త మమకారం పాలు ఎక్కువగా ఉంటే సర్దుకోండి.

మొదటి చిక్కు తేదీ దగ్గరే వచ్చింది. హెడ్మిస్ట్రెస్ గారి గదిలో గోడకు వేలాడుతున్న రిజిస్ట్రేషన్ పత్రంలో 1977 అని ఉంది. పిల్లలు ప్రతిజ్ఞ చేసిన పద్నాలుగు నెలలకు గానీ కాగితం రాలేదన్నమాట. "పత్రంలో ఉన్నదే లెక్క. వచ్చే ఏడాది తీరిగ్గా చేసుకుందాం" అన్నారు ఆవిడ. నాకు మనసొప్పలేదు. పుట్టినరోజు జరుపుకోవాలా, బారసాల జరుపుకోవాలా అన్నది తేల్చమని జూలై 4న పై కార్యాలయానికి ఉత్తరం రాశాను. రెండుసార్లు గుర్తుచేశాను, ఒకసారి స్వయంగా వెళ్ళి కూర్చున్నాను. ఆగస్టు 14న జవాబు వచ్చింది. "కంపెనీ తన సౌలభ్యం మేరకు జరుపుకోవచ్చును." నలభై ఒక్క రోజులు ఎదురుచూసింది ఈ ఒక్క ముక్క కోసం! అడగకపోయి ఉంటే ఆ నెలన్నరలో సగం పని అయ్యేది. మీ దగ్గర లాగ్ పుస్తకం ఉంటే దాన్నే నమ్ముకోండి. ఎవరినీ అడగకండి.

హెడ్మిస్ట్రెస్ గారిని చివరికి ఒప్పించింది ఆ జవాబు కాదు, థింకింగ్ డే. ప్రపంచంలోని గైడ్లందరూ ఒకరినొకరు తలచుకునే రోజు ఒకటి ఉండాలని 1926లో అమెరికాలో జరిగిన ప్రపంచ సమావేశంలో నిర్ణయించారు. స్కౌటు ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పోవెల్, ఆయన భార్య ఇద్దరూ ఫిబ్రవరి 22నే పుట్టారు కాబట్టి ఆ తేదీ పెట్టారు. "మన యాభై, దాని వంద ఒకే రోజు పడుతున్నాయండీ, మళ్ళీ ఇలా కలిసిరాదు" అన్నాను. ఆవిడ లెక్కల టీచరు. గుండ్రటి అంకెలంటే ఆవిడకు ఇష్టం. సరేనన్నారు.

ఇక పాత గైడ్లను వెతకడం. ఈ పని ఇంత పెద్దదని తెలిసి ఉంటే మొదలుపెట్టేదాన్ని కాదేమో. ఏటా పంపే సభ్యత్వ జాబితాల నకళ్ళు యాభై ఏళ్ళకు గాను ముప్పై ఒక్క ఏళ్ళవే దొరికాయి. మిగతావి చెదలకో వానకో పోయాయి. దొరికిన వాటిలో ఆరు వందల పైచిలుకు పేర్లు ఉన్నాయి. పేర్లున్నాయి కానీ మనుషులెక్కడ? మగపిల్లల బడి అయితే ఇంటిపేరు పట్టుకుని వెతకవచ్చు. పెళ్ళయి ఇంటిపేరు మారి, ఊరు మారి, కొందరికి అత్తవారింట్లో పేరే మారిపోయాక ఎవరినని వెతుకుతాం? హాజరు పట్టీల్లో తండ్రి పేరు, వీధి పేరు ఉంటాయి. అవి పట్టుకుని ఆదివారాలు తిరిగాను. సగం ఇళ్ళు అపార్ట్‌మెంట్లు అయిపోయాయి.

ఆగస్టు చివరికి దొరికింది పదకొండు మంది. ఆ పదకొండు మందిలో 1998 నాటి తామర పట్రోల్ లీడర్ ఒకామె బస్సు కండక్టరు. ఆమె ఒక్కతే తన రూట్లో పద్నాలుగు మందిని పట్టుకొచ్చింది. టికెట్టు చింపి ఇస్తూ ముఖం చూసి, "నువ్వు గులాబీ పట్రోల్ కదూ?" అని అడిగేదట. ఒకసారి ఎవరో తెలియని ఆవిడను అడిగితే, "గులాబీ లేదు, మల్లె లేదు, నాకు ఇవ్వాల్సిన చిల్లర ఇవ్వు" అందట. అయినా ఆమె మానలేదు. సెప్టెంబరు చివరికి అరవై నాలుగు, నవంబరుకు దాదాపు రెండు వందలు, ఉత్సవం నాటికి రెండు వందల అరవై మూడు మంది తేలారు.

వాట్సాప్ గుంపు గురించి ఒక హెచ్చరిక. తెరిచిన రెండో వారానికే రోజుకు మూడు వందల సందేశాలు రావడం మొదలైంది. శుభోదయాలు, పువ్వులు, ఎవరో పంపిన వంటింటి చిట్కాలు. వాటి మధ్య నేను అడిగిన ఒక్క ప్రశ్న, "మీరు వస్తున్నారా?", మునిగిపోయేది. అక్టోబరులో ఆ గుంపును మూసి, నేను మాత్రమే రాయగలిగేలా ఇంకొకటి పెట్టాను. నలుగురు అలిగారు. వాళ్ళలో ఒకరు నా బాల్య స్నేహితురాలే.

సెప్టెంబరులో ఒక రాత్రి ఫోను వచ్చింది. గొంతు నాకన్నా పెద్దావిడది. 1989లో ఎనిమిదో తరగతిలో గైడ్స్‌లో చేరారట. ప్రతిజ్ఞకు ముందు పెట్టే ప్రవేశ్ పరీక్షకు సిద్ధమవుతుండగా పెళ్ళి కుదిరి బడి మానిపించారు. "నేను ప్రతిజ్ఞ చేయలేదు టీచర్ గారూ. స్కార్ఫు కూడా పెట్టుకోలేదు. యూనిఫాం గుడ్డ కొన్నాం గానీ కుట్టించలేదు. నేను లెక్కలోకి వస్తానా?" అని అడిగారు. వెంటనే రమ్మనాల్సింది. నోట మాట రాక, "కనుక్కుని చెబుతానండీ" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. మర్నాడు పట్రోల్ లీడర్లను అడిగితే వాళ్ళు నా వైపు వింతగా చూశారు. "జాబితాలో పేరుంటే వచ్చినట్టేగా టీచర్, ఇందులో అడగడానికేముంది?" అంది ఒకమ్మాయి. ఆ సాయంత్రమే ఆవిడకు ఫోను చేశాను.

డబ్బు సంగతి. మొదట వేసుకున్న అంచనాకు ఒకటిన్నర రెట్లు అయింది. ఖర్చయిన ప్రతి వంద రూపాయల్లో ముప్పై నాలుగు భోజనాలకు, ఇరవై రెండు పందిరికీ కుర్చీలకూ మైకుకూ, పదిహేను ప్రత్యేక సంచికకు, తొమ్మిది స్కార్ఫులకూ బ్యాడ్జీలకూ, ఎనిమిది దూరం నుంచి రాలేని వాళ్ళ బస్సు ఛార్జీలకు పోయాయి. మిగిలిన పన్నెండూ ఎక్కడికి పోయాయంటే చెప్పలేను. తాళ్ళు, టేపు, జిరాక్సులు, తాగే నీళ్ళు, టార్చిలైట్లకు బ్యాటరీలు, కుర్చీలు దించిన మనుషులకు టీ. ఈ చిల్లర పద్దును ఎవరూ అంచనాలో రాయరు, అందరికీ అదే తగులుతుంది. కుర్చీలు నాలుగు వందలు తెప్పించాం. నూట యాభైకి పైగా మడత విప్పకుండానే తిరిగి వెళ్ళాయి. పాత గైడ్లు వచ్చీ రాగానే చెప్పులు విప్పి చెట్ల కింద నేల మీద కూర్చున్నారు. దానికి మాత్రం నేను బాధపడలేదు.

చందాల దగ్గర ఒక గొడవ అయింది. బాగా స్థిరపడిన ఇద్దరు పూర్వ విద్యార్థినులు పెద్ద మొత్తాలు ఇస్తామన్నారు, కానీ వేదిక వెనక బ్యానర్ మీద పేర్లు వేయమన్నారు. ఒకరి పేరు మరొకరి పేరు కన్నా చిన్నగా ఉండకూడదట. పదిహేను రోజులు ఇద్దరి మధ్యా తిరిగి, చివరికి బ్యానర్ మీద ఎవరి పేరూ వేయకూడదని తేల్చాం. ఒకరు ఇచ్చారు, ఒకరు ఇవ్వలేదు. ఆ లోటు పూడ్చడానికి సంచికలో రంగుల పేజీలు తీసేశాం. ఫొటోలు నలుపు తెలుపులోనే బాగున్నాయి.

అక్టోబరు 11, శనివారం. నాకు బాగా గుర్తున్న రోజు. అప్పటికి కార్యక్రమం చిట్టా నేనే తయారు చేశాను. జెండా వందనం, స్వాగతం, జ్యోతి ప్రజ్వలన, ఏడు ఉపన్యాసాలు, సన్మానాలు, రెండు నృత్యాలు, వందన సమర్పణ. ఎప్పుడూ జరిగే పద్ధతే. కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో, అంటే పట్రోల్ లీడర్లు కూర్చుని తీర్మానాలు చేసే సమావేశంలో, ఆ నలుగురి ముందు పెట్టాను. వాళ్ళు సంతకం పెడతారు, నేను వెళ్ళిపోతాను అనుకున్నాను.

పొద్దుతిరుగుడు పట్రోల్ లీడర్ కాగితం రెండు వైపులా తిప్పి చూసింది. "ఇందులో మేం ఎక్కడున్నాం టీచర్?"

"అంతటా ఉన్నారుగా. పువ్వులిచ్చేది మీరు, పళ్ళేలు పట్టుకునేది మీరు, జెండా దగ్గర మీరు."

"పళ్ళెం పట్టుకుంటే ఉన్నట్టేనా?"

అందరికీ సమయం చాలదనీ, పెద్దలను పిలిచాక మాట్లాడనివ్వాలనీ నచ్చజెప్పబోయాను. అప్పుడు, అంతవరకు నోరు విప్పని మల్లె పట్రోల్ లీడర్, "1909లో కూడా ఆ అమ్మాయిలను ఎవరూ పిలవలేదు కదా టీచర్" అంది. అది నేను చెప్పిన పాఠమే. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర మగపిల్లల స్కౌటు ర్యాలీ జరుగుతుంటే పిలవకుండా వచ్చి నిలబడిన అమ్మాయిల వల్లనే మరుసటి ఏడాది బేడెన్ పోవెల్ చెల్లెలు ఆగ్నెస్ చేతుల మీదుగా గైడ్స్ మొదలయ్యాయని ప్రతి ఏడూ కొత్త పిల్లలకు చెబుతాను. చెబుతున్నప్పుడు ఆ అమ్మాయిల పక్షాన ఉంటాను. ఆ శనివారం నేను ర్యాలీ నిర్వాహకుల పక్షాన నిలబడి ఉన్నానని అప్పుడు తెలిసింది.

నిజం చెప్పాలంటే వెంటనే ఒప్పుకోలేదు. కోపం వచ్చింది. రెండు రోజులు వాళ్ళతో ముభావంగా ఉన్నాను. సోమవారం వాళ్ళే ఇంకో కాగితం తెచ్చి ఇచ్చారు. ఉపన్యాసాలు రెండే, ఒక్కొక్కటి అయిదు నిమిషాలు, సమయం దాటితే విజిల్. సన్మానాలు లేవు. మధ్యాహ్నం పాత గైడ్లు తమ తమ పట్రోళ్ళలోకి వెళ్ళిపోవాలి, ఇప్పటి లీడర్ల మాట వినాలి, ముడులు వేయాలి, పోటీలు ఆడాలి. సాయంత్రం క్యాంప్‌ఫైర్. విజిల్ ఒక్కటి తీసేయమని బతిమాలాను. "మెల్లగా ఊదుతాం" అన్నారు.

నవంబరు మొత్తం మా పని ఆగిపోయింది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబరు 7న ఏర్పడింది కాబట్టి అదే నెలలో మాతృసంస్థకు 75 నిండాయి. ర్యాలీలు, రిహార్సళ్ళు, ఫొటోలు. యూనిఫాంలు కుట్టే దర్జీకి ఊపిరి ఆడలేదు. మాకు ఇస్తానన్న అరవై స్కార్ఫులు నెల రోజులు ఆలస్యమయ్యాయి. గైడ్స్ సంఘం వచ్చి కలిసింది 1951 ఆగస్టు 15న అని చదివిన ఒక పిల్ల, "మన డెబ్బై అయిదు ఇంకా రాలేదు కదా టీచర్, మనం ఎందుకు వెళ్ళాలి?" అని అడిగింది. జవాబు తెలిసినా చెప్పలేదు. బస్సెక్కమన్నాను.

జనవరిలో తల్లిదండ్రులు వచ్చారు. ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు గానీ, ఫిబ్రవరిలో ఉత్సవం అంటే పదో తరగతి పిల్లల ప్రీ ఫైనల్ పరీక్షల నెత్తిన పెట్టుకోవడమే. ముప్పై ఒక్క మంది గైడ్లలో తొమ్మిది మంది పదో తరగతి, నలుగురు లీడర్లలో ముగ్గురు ఆ తొమ్మిదిలోనే ఉన్నారు. "యాభై ఏళ్ళ పండుగలు చాలా వస్తాయి, టెన్త్ మళ్ళీ రాదండీ" అన్నారు ఒక తండ్రి. పక్కనే నిలబడ్డ కూతురు, "యాభై కూడా మళ్ళీ రాదు నాన్నా, ఈసారి వందే" అంది. ఆయన నవ్వారు కానీ పట్టు వదలలేదు. రిహార్సల్ బుధ, శనివారాల్లో ముప్పావు గంట మాత్రమే, ఫిబ్రవరి 8 తరువాత పదో తరగతి వాళ్ళకు అసలే వద్దు అని రాతపూర్వకంగా ఇచ్చాను. ప్రతి పనికీ రెండో మనిషిగా తొమ్మిదో తరగతి పిల్లలను తయారు చేశాం. అది ముందే చేసి ఉండాల్సింది.

తొలి కెప్టెన్ గారి గురించి చెప్పాలి. లాగ్ పుస్తకంలో ఆ నీలం సిరా ఆవిడదే. జనవరి 6న పాత చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో ఆహ్వానం పంపితే 30న తిరిగి వచ్చింది, చిరునామాదారు లేరని. కవరు బల్ల మీద పెట్టుకుని చాలాసేపు తెరవలేదు. ఏమనుకున్నానో మీకు తెలుసు. అందరినీ వెతకడానికి ఏడు నెలలు తిరిగి, మొదటి మనిషికి మాత్రం చివరన ఒక ఉత్తరం పడేశానే అని సిగ్గనిపించింది. వేదిక మీద దీపం పక్కన పెట్టే ఫొటో కోసం కూడా ఆలోచించానని ఒప్పుకుంటున్నాను. మూడు రోజుల తరువాత కండక్టరమ్మాయి ఫోను చేసింది. "పెద్ద టీచర్ బాగున్నారక్కా, పక్క జిల్లాలో వాళ్ళ చెల్లెలి కొడుకు దగ్గర ఉంటున్నారు. చెవులే కాస్త వినపడవు."

8వ తేదీ ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. ఎనభై రెండేళ్ళ మనిషి, వరండాలో కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. నేనెవరో గట్టిగా చెప్పాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఆ లాగ్ పుస్తకం చెదలు తిననివ్వలేదు కదా?" లోపలి నుంచి ఒక ఫొటో తెప్పించారు. పుణెలోని సంగమ్ దగ్గర తీసినది. ప్రపంచ గైడ్ కేంద్రాల్లో ఒకటి మన దేశంలోనే ఉందని, 1966లో తెరిచారని పిల్లలకు పాఠంగా చెబుతుంటాను కానీ అక్కడికి వెళ్ళొచ్చిన మనిషిని చూడటం నాకు అదే మొదటిసారి. ఉత్సవానికి వస్తానన్నారు, రెండు షరతులతో. వేదిక ఎక్కరు, శాలువా కప్పించుకోరు. "ఇంట్లో పదకొండు ఉన్నాయమ్మా. అన్నీ ఒకే రంగు" అన్నారు.

ఇక ఆహ్వాన పత్రికలు. పది రోజుల ముందు అచ్చయి వచ్చాయి. మేం రాసి ఇచ్చిన "పట్రోల్" అన్న మాటను ఎవరో తప్పనుకుని శ్రద్ధగా "పెట్రోల్" అని దిద్దారు. "గులాబీ పెట్రోల్, మల్లె పెట్రోల్, తామర పెట్రోల్... కంపెనీ స్వర్ణోత్సవ ఆహ్వానం." మళ్ళీ వేయించడానికి డబ్బూ లేదు, సమయమూ లేదు. పిల్లలు నల్ల పెన్నుతో నాలుగు వందల పత్రికల మీద ఎత్వాలు దిద్దడం మొదలుపెట్టి, వంద దగ్గర అలసిపోయారు. మిగతావి అలాగే వెళ్ళాయి. పత్రిక అందుకున్న ఒక పెద్దమనిషి ఫోను చేసి, "బంకు ఎక్కడ తెరుస్తున్నారమ్మా?" అని అడిగారు. మీ దగ్గర అచ్చుకు ఇచ్చేటప్పుడు ఆ మాట కింద గీత గీసి, పక్కన సంతకం పెట్టండి.

ఫిబ్రవరి 22. తెల్లవారి అయిదింటికే గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. 1984 వాళ్ళు. రాత్రి బస్సులో వచ్చి, మాట్లాడుకుంటూ నిద్రపోలేదట. తొమ్మిదింటికల్లా నూట పదిహేడు మంది వచ్చారు. ముఖ్య అతిథి రాలేదు. పది నిమిషాలు చూసి, హెడ్మిస్ట్రెస్ గారి వైపు చూశాను. ఆవిడ గడియారం చూసుకుని, "మొదలుపెట్టండి" అన్నారు. నా జీవితంలో అతిథి రాకుండా మొదలైన సభ అదొక్కటే. ఆయన గంటా యాభై నిమిషాల తరువాత వచ్చి, ముగ్గుల పోటీ మధ్యలో దొరికిన కుర్చీలో కూర్చుని, అయిదు నిమిషాలు మాట్లాడి వెళ్ళారు. విజిల్ మెల్లగానే ఊదారు.

గుర్రపు నాడా ఆకారంలో నిలబడ్డాం. ఇప్పటి పిల్లలు లోపల, పాతవాళ్ళు వెనక. లాగ్ పుస్తకంలో ఆ వాక్యం చదివినప్పటి నుంచి జెండా ఎగరేసే కలర్ పార్టీ పిల్లలు జెండా మడత పెట్టడం, ముడి వేయడం నలభై సార్లయినా సాధన చేసి ఉంటారు. తాడు లాగగానే ముదురు నీలం జెండా విచ్చుకుంది, మధ్యలో పసుపు గుర్తుతో. తొలి కెప్టెన్ గారు నా మోచేయి పట్టుకుని, "అరె, మొదటిసారికే విడిందే" అన్నారు. ఆ గొంతులో మెచ్చుకోలు ఉందో, కాస్త నిరాశ ఉందో తెలియలేదు.

ఆ తరువాత ప్రతిజ్ఞ. పాతవాళ్ళకు అది పునఃప్రతిజ్ఞ. నేను ఎదురుగా ఉండి చెప్పించాలి. కుడి చేయి ఎత్తమన్నాను. చివరి వరుసలో 1989 ఆవిడ కనిపించారు. ఎవరో ఇచ్చిన స్కార్ఫు చీర మీద వేసుకున్నారు. మూడు వేళ్ళు నిలిపి, చిటికెన వేలిని బొటనవేలితో పట్టుకోవాలి. ఆవిడ ఉంగరపు వేలిని కూడా మడిచేశారు. పని చేసి చేసి బిరుసెక్కిన వేళ్ళు, తిన్నగా నిలబడటం లేదు. లోపలి వరుసలోంచి ఆరో తరగతి పిల్ల ఒకతె వెనక్కు తిరిగి చూసి, వరుస విడిచి వెళ్ళి, ఆ ఉంగరపు వేలిని తన రెండు చేతులతో పైకి తీసి నిలబెట్టింది. నిలబెట్టి, ఒక్క క్షణం అలాగే పట్టుకుని, వదిలి చూసింది. నిలిచింది. తిరిగి వచ్చి తన చోట నిలబడింది. వరుస తప్పకూడదని వాళ్ళకు నేర్పింది నేనే. ఆమెను ఏమీ అనలేదు. "నా గౌరవ ప్రమాణముగా" అని అందుకున్నాను గానీ తరువాతి మాట రావడానికి కొంతసేపు పట్టింది. నూట యాభై గొంతులు నా కోసం ఆగాయి.

నాణేల సేకరణ చేశాం. థింకింగ్ డే నిధికి చిన్న కానుక ఇచ్చే ఆనవాయితీ 1932 నుంచి ఉంది. మేం ఏడాదికి ఒకటి చొప్పున యాభై నాణేలు అనుకున్నాం. పెద్ద మట్టి మూకుడు పెట్టాం. తీరా లెక్కపెడితే రెండు వందల పైన ఉన్నాయి, వాటిలో చెల్లుబాటు కాని అయిదు పైసల బిళ్ళ కూడా ఒకటి. ఎవరో అప్పటి నుంచి దాచుకున్నది.

ప్రదర్శన గురించి ఒక్క మాట. నెల రోజులు కష్టపడి చరిత్ర బోర్డులు రాయించాను. 1911లో జబల్పూర్‌లో మన దేశపు తొలి గైడ్ కంపెనీ మొదలుకొని అన్నీ. వాటి దగ్గర ఆగిన వాళ్ళు పదిమంది ఉండరు. పాత గ్రూపు ఫొటోలు పెట్టిన తాడు దగ్గర మాత్రం తొక్కిసలాట. అద్దాలు సవరించుకుంటూ, వేలు పెట్టి వెతుక్కుంటూ, "ఇది నేను కాదే, ఇది మా చెల్లి" అంటూ. ఇంకోసారి చేస్తే బోర్డులు మానేసి ఫొటోల కింద రాసుకోవడానికి కాగితం, పెన్సిలు వేలాడదీస్తాను. ముప్పై ఏళ్ళుగా ఎవరో తెలియని ముఖాలకు ఆ ఒక్క పూటలో పేర్లు దొరికేవి.

మధ్యాహ్నం పోటీల్లో పాతవాళ్ళు ఘోరంగా ఓడిపోయారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఆవిడ రీఫ్ నాట్ అనే ముడి వేయబోయి, జారిపోయే గ్రానీ నాట్ వేసి, ఏడో తరగతి పిల్ల చేత మూడుసార్లు విప్పించుకున్నారు. కండక్టరమ్మాయి మాత్రం కళ్ళు మూసుకుని క్లోవ్ హిచ్ ముడి వేసింది. మైకు మూడింటికి మొరాయించింది. ఎవరూ పట్టించుకోలేదు. క్యాంప్‌ఫైర్ ఆరున్నరకు వెలిగించి ఎనిమిదిన్నరకు ఆర్పాం. పది బకెట్ల నీళ్ళు, రెండు ఇసుక గంపలు పక్కనే ఉంచాం, అగ్నిమాపక శాఖ అనుమతి కోసం తిరగాల్సిన తిరుగుడు వేరే కథ. పాటలు నేను రాయను, మీకూ తెలిసినవే. అలిగిన నా స్నేహితురాలు నిప్పు దగ్గర నా పక్కకు వచ్చి కూర్చుంది. గుంపు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఆ తరువాత మూడు వారాలు లెక్కలు. పందిరి వాళ్ళ దగ్గర రెండు కుర్చీలు తక్కువ వచ్చాయన్నారు, కట్టాం. నాకు బెంగ పెట్టింది స్కార్ఫులు. ఆ అరవై కొత్త స్కార్ఫులూ వచ్చే జూన్‌లో చేరబోయే పిల్లల కోసం కుట్టించినవి. ఉత్సవం రోజు పాతవాళ్ళు వేసుకుని, వెళ్ళేటప్పుడు గేటు దగ్గర బుట్టలో వేయాలని నేనే మైకులో రెండుసార్లు చెప్పాను. మొన్న శనివారం లాగ్ పుస్తకం తెరిచి చూశాను, ఆ రోజు సంగతి పిల్లలు ఏం రాశారోనని. మల్లె పట్రోల్ లీడర్ దస్తూరి. పాత లాగ్ పుస్తకం చదివిన ప్రభావం కాబోలు, అతిథి పేరు లేదు, ఉపన్యాసాల ఊసు లేదు.

"22-2-2026, ఆదివారం. 117 మంది వచ్చారు. ఒకరు కొత్తగా ప్రతిజ్ఞ చేశారు. జెండా మొదటిసారికే విడింది. స్కార్ఫులు 60 ఇచ్చాం, 47 తిరిగి వచ్చాయి. మిగతా 13 ఎవరినీ అడగకూడదని కోర్ట్ ఆఫ్ ఆనర్ తీర్మానించింది. టీచర్‌కు ఇంకా చెప్పలేదు."